మూడు మిల్లీమీటర్లు

ఆ పళ్ళ ఆసుపత్రిలో రోజు ముగిసేది చివరి పేషెంటు వెళ్ళిపోయాక కాదు, సిస్టరమ్మ ఫైళ్ళు కొలిచాక. ఫైళ్ళంటే కాగితాలవి కావు. రూట్ కెనాల్ చేసేటప్పుడు పంటి వేరులోకి దించి, లోపల చచ్చిన నరాన్ని గోకి తీసే సన్నటి స్టీలు సూదులు. ఒళ్ళంతా మెలికలు, తలకొక రంగు పిడి. వాడినవాటిని ఆమె చిన్న బ్రష్షుతో రుద్ది కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, ఒక్కొక్కదాన్నీ స్టీలు స్కేలు మీద పడుకోబెట్టి చూసేది. ఇరవై అయిదు మిల్లీమీటర్లు ఉంటే డబ్బాలోకి వెళుతుంది. నోటుపుస్తకంలో ఆ ఫైలు నంబరుకు ఎదురుగా ఒక టిక్కు పడుతుంది. అయిదు టిక్కులు పడ్డ ఫైలు ఎంత కొత్తదానిలా మెరుస్తున్నా చెత్తబుట్టలోకే. అరిగిపోయిన స్టీలు ఆ సంగతి బయట ఉండగా చెప్పదు, పంట్లోకి దిగాకే చెబుతుంది.

ఈ చాదస్తం చూసి కౌంటరు దగ్గరుండే అమ్మాయికి ఒకటే నవ్వు. "బళ్ళో పిల్లల ఎత్తు చూసినట్టు చూస్తారేంటి సిస్టరమ్మా, నిన్నటికీ ఇవాళ్టికీ పెరుగుతాయా అవి?"

"పెరగవు. తరుగుతాయి," అనేది సిస్టరమ్మ.

పందొమ్మిదేళ్ళలో రెండుసార్లు తరిగాయి కూడా. అప్పుడున్నది ముసలి డాక్టరు. రెండుసార్లూ ఆయన కుర్చీలో ఉన్న పేషెంటును లేపి కూర్చోబెట్టి, ఎక్స్‌రే చూపించి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఇప్పుడున్న డాక్టరు కుర్రవాడు, చెయ్యి మంచిది, మాట ఇంకా మంచిది.

ఆ గురువారం సాయంత్రం పసుపు పిడి ఫైలు స్కేలు మీద ఇరవై రెండు దగ్గరే ఆగిపోయింది.

స్కేలు తుడిచి మళ్ళీ పెట్టింది. ఇరవై రెండే. కళ్ళజోడు తీసి తుడుచుకుని చూసింది. చివర మొన ఉండాల్సిన చోట మొండిగా ఉంది. సింకు జల్లెడ విప్పి వెతికింది, గుడ్డ దులిపింది, ట్రే మీద వేలు పెట్టి తడిమింది. దొరకదని ఆమెకు తెలుసు. ఆ రోజు రూట్ కెనాల్ జరిగింది ఒక్కరికే. మార్కెట్టు మలుపులో తాళాలు బాగుచేసే పెద్దాయనకు, కింద కుడివైపు దవడ పన్ను. మధ్యలో ఒకచోట డాక్టరు చెయ్యి ఆగింది. క్షణం ఆగి, పక్క గదిలోంచి దూది తెమ్మన్నాడు. దూది ట్రేలో ఉన్నా, అడిగాడు కదా అని ఆమె వెళ్ళి తెచ్చింది. తిరిగొచ్చేసరికి పన్ను నింపడం మొదలైపోయింది. తర్వాత ఎక్స్‌రే తెర తనవైపు తిప్పుకుని చూసి, "ఫస్ట్‌క్లాసుగా ఉంది పెద్దాయనా," అన్నాడు డాక్టరు.

నోటుపుస్తకం తీసింది. పసుపు పిడి మూడో నంబరుకు నాలుగు టిక్కులే ఉన్నాయి. అంటే ఇవాళ్టిది అయిదోసారి కావాలి. కానీ సోమవారం వరసలో ఒక్క టిక్కూ లేదు. సోమవారం జనం తోసుకుంటూ ఉంటే, రేపు పెడదాంలే అనుకుని వెళ్ళిపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆరోసారి వాడకూడని ఫైలును ఆరోసారి ట్రేలో పెట్టింది తానే.

ఆ ఫైలును దూదిలో చుట్టి చేతిసంచిలో వేసుకుంది. డాక్టరుకు తెలిసి ఉండకపోవచ్చు, తెలిస్తే ఆయనే అడుగుతాడు అనుకుంది. ఆ మాట నమ్మకంతో అనుకున్నది కాదు.

శుక్రవారం తలుపు తీసేసరికి తాళాలాయన మెట్ల మీద ఉన్నాడు. పొడుగ్గా, కొంచెం వంగి, చొక్కా జేబులో చిన్న ఆకురాయి పెట్టుకుని ఉండే మనిషి. వేళ్ళ చివర్లు ఇత్తడి పొడితో పచ్చగా ఉంటాయి.

"కింది పన్ను పైపన్నుకు తగిలితే ప్రాణం పోతోందమ్మా," అన్నాడు.

డాక్టరు అద్దం పిడితో పంటి మీద మెల్లగా తట్టాడు. తాళాలాయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "కొత్తలో రెండు మూడు రోజులు ఇలాగే ఉంటుంది. సర్దుకుంటుంది," అని డాక్టరు మాత్రలు రాశాడు. ఆ మాటలో అబద్ధం లేదు. చాలామందికి అలాగే సర్దుకుంటుంది. సిస్టరమ్మ ఆ చాలామందిని తలుచుకుని ఊపిరి పీల్చుకుంది.

శనివారం మళ్ళీ వచ్చాడు. ముందు ఆరుగురున్నారు. ఖాళీగా కూర్చోవడం చేతకాని మనిషి, బాత్రూము గడియ బిగుసుకుపోయిందని కౌంటరు అమ్మాయి గొణుగుతుంటే విని, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి విప్పేశాడు. సిస్టరమ్మ స్క్రూలు కింద పడకుండా దోసిట్లో పట్టుకుని నిలబడింది.

"ఇంట్లో ఉంటే చెవిలో జోరీగ తిరిగినట్టే ఉంటుందమ్మా ఈ నొప్పి," అన్నాడాయన గడియకు నూనె పెడుతూ. "ఎదురుగా ఎవరైనా మనిషుంటే కాస్త తగ్గినట్టుంటుంది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కౌంటరు అమ్మాయి విన్నది, మధ్యాహ్నానికి డాక్టరుకు చేరేసింది. ఆ పిల్ల చెడ్డది కాదు. నవ్వు తెప్పించే మాట ఏదైనా కడుపులో దాచుకోలేదు, అంతే. డాక్టరు నవ్వలేదు, తలూపాడు. ఆ తలూపడం సిస్టరమ్మకు నచ్చలేదు.

ఆదివారం సెలవు. ఆమెది మేడ మీద ఒక గదీ, వంటిల్లూ. పొద్దున్నే బట్టలు ఉతికి ఆరేసింది, ఒక్కరికి సరిపడా వండుకుంది, గిన్నెలు తోముకుంది, మధ్యాహ్నం బట్టలు మడతపెట్టింది. సాయంత్రం మెట్ల మీద పక్కవాటావాళ్ళ పిల్ల ఎదురైతే నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వి దిగిపోయింది. శనివారం సాయంత్రం తలుపు వేసుకున్నప్పటినుంచీ ఆమె నోట్లోంచి ఒక్క మాటా రాలేదు. ఇది కొత్తేమీ కాదు. ప్రతి సోమవారం పొద్దున ఆమె మొదటి మాట బొంగురుగా వస్తుంది. "జలుబు చేసిందా సిస్టరమ్మా?" అని కౌంటరు అమ్మాయి అడుగుతుంది. "అవునమ్మా, కొంచెం," అంటుంది. వారానికోసారి ఆదివారం రాత్రి జలుబు చేసి సోమవారం పదింటికల్లా తగ్గిపోతుందని ఆ పిల్ల నమ్మేసింది.

ఆ సోమవారం కూడా జలుబు చేసింది. తాళాలాయన దవడకు చెయ్యి ఆనించుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి డాక్టరు నోరు తెరవమనలేదు. స్టూలు దగ్గరకు లాక్కుని, పక్కింటివాడు పలకరించినట్టు అడిగాడు.

"ఇంట్లో ఎవరెవరుంటారు పెద్దాయనా?"

"ఎవరూ లేరండీ. మా ఆవిడ పోయి మూడేళ్ళు."

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

"ఈ నొప్పితో ఎక్కడ పడుతుందండీ."

"నొప్పితో నిద్ర పట్టట్లేదా, నిద్ర పట్టక నొప్పి మీద మనసు పోతోందా, ఆలోచించుకోండి. పన్ను బాగుంది. నేను స్వయంగా చేశాను. ఒంటరిగా ఉండేవాళ్ళకి ఇలా జరుగుతుంటుంది. శరీరం మాట్లాడుతున్నట్టు ఉంటుంది, నిజానికి మాట్లాడేది మనసు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు." అని నిద్రమాత్ర రాసిచ్చాడు.

ఎంత మెత్తగా చెప్పాడో! విసుక్కుని ఉంటే తాళాలాయన కూడా విసుక్కునేవాడు. ఇంత దయగా చెప్పేసరికి ఏమీ అనలేక చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మెట్ల దాకా వెళ్ళినవాడు వెనక్కి వచ్చి, ట్రే సర్దుతున్న సిస్టరమ్మను అడిగాడు.

"నిజంగా అంతేనంటావా అమ్మా? నేనే కల్పించుకుంటున్నానా?"

చేతిసంచి ఆమెకు రెండడుగుల దూరంలో, బీరువా కొక్కేనికి వేలాడుతోంది. ఒక్క మాట చాలు. ఆ మాట తర్వాత వచ్చే మాటలు కూడా ఆమె కళ్ళముందు కనిపించాయి. ట్రేలో పెట్టిందెవరు, టిక్కు మరిచిందెవరు, యాభై మూడేళ్ళ మనిషిని ఇంకెవరు పెట్టుకుంటారు, రోజంతా ఆదివారంలా ఉండే ఇంట్లో ఏం చెయ్యాలి.

"డాక్టరుగారు చెప్పారుగా," అంది.

తాళాలాయన తలూపి దిగిపోయాడు. ఆమె కడిగిన ట్రేనే మళ్ళీ కడిగింది.

మంగళవారం ఆయన రాలేదు. "చూశారా, నిద్రమాత్ర పనిచేసింది," అంది కౌంటరు అమ్మాయి. మధ్యాహ్నం డాక్టరు భోజనానికి వెళ్ళినప్పుడు సిస్టరమ్మ తాళాలాయన కేసు షీటు తీసింది. ఎక్స్‌రే చూడాలని తీసింది. కవరులో ఎక్స్‌రే ఉంది. వేరు చివర నింపిన తెల్లటి గీత మధ్యలో ఇంకా తెల్లగా, మెలికలతో, వడ్లగింజలో సగమంత ముక్క. పందొమ్మిదేళ్ళు ఎక్స్‌రేలు చూసిన మనిషికి దాన్ని ఎవరూ వేలు పెట్టి చూపించక్కర్లేదు.

షీటులో గురువారం తేదీ కింద డాక్టరు చేతిరాత. 'వేరులో ఫైలు ముక్క విరిగి ఉండిపోయింది. పేషెంటుకు వివరంగా తెలియజేశాను.'

రెండోసారి చదివింది. రాసిన సిరాలో తొట్రుపాటు లేదు, కొట్టివేత లేదు. తెలుసన్నమాట. దూది తెమ్మన్నప్పుడే తెలుసు. నిన్న స్టూలు దగ్గరకు లాక్కుని ఇంట్లో ఎవరెవరుంటారని అడిగినప్పుడూ తెలుసు. అయిదు రోజులుగా తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నది తానొక్కతే అనుకుంది ఆమె. డాక్టరు మాత్రం హాయిగా నిద్రపోతున్నాడు. ఆమెకు కోపం రావాలి, ముందు సిగ్గేసింది. డాక్టరు చెప్పిన మాటను నిన్న ఆమె కూడా సగం నమ్మింది. ఒంటరివాళ్ళ మాట కాబట్టి, తనకు తెలిసిన మాట కాబట్టి నమ్మింది.

సాయంత్రం ఇంటికి వెళుతూ మార్కెట్టు మలుపు మీదుగా నడిచింది. డబ్బాకొట్టు తెరిచే ఉంది. తాళాలాయన దవడ చుట్టూ తువ్వాలు కట్టుకుని, పట్టకారులో తాళంచెవి బిగించి ఆకురాయితో రుద్దుతున్నాడు. నాలుగుసార్లు రుద్ది ఆగుతున్నాడు. కళ్ళు మూసుకుని, మళ్ళీ రుద్దుతున్నాడు. ఆయన తనను చూడకముందే ఆమె అటువైపు నుంచి వెళ్ళిపోయింది.

బుధవారం పదిన్నరకు వచ్చాడు. చెంప ఉబ్బి, కుడికన్ను కింద చర్మం నున్నగా మెరుస్తోంది. ఈసారి నొప్పి గురించి చెప్పలేదు. కుర్చీలో పడుకోలేదు కూడా, అంచున కూర్చున్నాడు.

"డాక్టరుగారూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. తాళంలో చెవి విరిగి ఉండిపోయినప్పుడు, కొత్త చెవి పెడితే ఒకచోటికి వెళ్ళి ఆగుతుంది. నాకు నా పంట్లో అలా ఉందండీ. లోపలేమైనా ఉండిపోయిందా?"

డాక్టరు చిరునవ్వు నవ్వాడు. "మీ వృత్తి మీ పంట్లోకి కూడా వచ్చేసిందే. మా సామాను లెక్కంతా సిస్టరు దగ్గరే ఉంటుంది, అడగండి. రోజూ స్కేలు పెట్టి కొలుస్తుంది. సిస్టర్, అన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా? ఆయనకి చెప్పండి, నెమ్మదిస్తాడు."

డాక్టరుకు ఇంత ధీమా ఎలా వచ్చిందో ఆమెకు తెలుసు. ఆరు రోజులు నోరు మెదపకుండా ఆమే ఇచ్చింది.

"ఒకటి తక్కువుందండీ," అంది.

"ఏంటి?"

"పసుపు పిడి ఫైలు. మూడు మిల్లీమీటర్లు తక్కువుంది. గురువారం నుంచీ."

గదిలో ఉమ్మి లాగే సక్షన్ గొట్టం బుసబుసమంటూనే ఉంది. డాక్టరు దాన్ని ఆపాడు. ఆమెను కోప్పడలేదు, తాళాలాయన వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"పెద్దాయనా, ఈవిడ కూడా మీలాగే ఒక్కతే ఉంటుంది. వారం రోజులుగా మీరిద్దరూ కబుర్లు చెప్పుకుంటున్నారని విన్నాను. ఒకరి భయం ఒకరికి అంటుకుంటుంది. నేను తప్పు పట్టట్లేదు. సిస్టర్, మీరు కాసేపు బయట కూర్చోండి."

ఆమె బయటికి వెళ్ళలేదు. బీరువా దగ్గరకు వెళ్ళి చేతిసంచి తీసి, దూది విప్పింది. ఫైలునూ స్కేలునూ ట్రేలో పక్కపక్కన పెట్టి ట్రేను తాళాలాయన ముందుకు జరిపింది. స్కేలు ట్రేకు తగిలి చప్పుడైంది.

"నేను ఒక్కదాన్నే ఉంటానండీ, నిజమే," అంది డాక్టరుతో. "ఇది మాత్రం ఇరవై రెండే ఉంది."

తాళాలాయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, వంగి, ఫైలు చివర చూశాడు. ముట్టుకోలేదు. చాలాసేపు చూశాడు.

"ఇంకోటి కూడా చెప్పాలి," అందామె ఆయనతో. ఆగితే మళ్ళీ రాదని గబగబా చెప్పేసింది. "అయిదుసార్లు వాడాక దీన్ని పారెయ్యాలి. టిక్కు పెట్టడం మరిచిపోయి ఆరోసారి ట్రేలో పెట్టింది నేనే. అందుకే మొన్న మీరు అడిగినప్పుడు చెప్పలేదు. భయమేసింది."

"విన్నారుగా," అన్నాడు డాక్టరు. అతని మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. "తప్పెక్కడ జరిగిందో ఆవిడే చెబుతోంది. నాకు ఈ సంగతి ఇప్పుడే..."

"షీటులో రాశారండీ మీరు. గురువారమే. ఆయనకి తెలియజేశానని కూడా రాశారు."

తలుపు దగ్గర కౌంటరు అమ్మాయి ఎప్పుడొచ్చి నిలబడిందో, చేతిలో ఫోను మోగుతున్నా ఎత్తడం లేదు.

తాళాలాయన కళ్ళజోడు తీసి మడిచాడు. ఆయన మొదట చూసింది డాక్టరును కాదు, సిస్టరమ్మను.

"అయితే నొప్పి నిజమేనన్నమాట," అన్నాడు. ఆ మాట అంటుంటే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రెండు రాత్రులుగా ఒకటే ఆలోచనమ్మా. నలుగురితో మాట్లాడటం కోసం లేని నొప్పి తెచ్చుకునే స్థితికొచ్చానా అని. మా ఆవిడ ఫొటో ముందు నిలబడి అడిగాను."

తర్వాత డాక్టరు వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "తాళంలో చెవి ఎవరి చేతిలోనైనా విరుగుతుందండీ. నా చేతిలోనే ఎన్ని విరిగాయో లెక్కలేదు. కానీ విరగ్గొట్టి, తాళం బాగానే ఉంది, మీకే తలుపు తియ్యడం రావట్లేదు అని ఏ ఇంటాయనకీ చెప్పలేదు. నా ఎక్స్‌రే ఇప్పించండి, వెళతాను."

కవరు మీద సిస్టరమ్మ పెద్దాసుపత్రిలో పంటి వేర్లకు మాత్రమే వైద్యం చేసే డాక్టరమ్మ గది నంబరు రాసింది. దాని కింద, ఒక క్షణం ఆగి, తన ఫోను నంబరు రాసింది. "వాళ్ళేమన్నారో చెప్పండి," అంది.

"రేపట్నుంచి రావక్కర్లేదు," అన్నాడు డాక్టరు, తాళాలాయన మెట్లు దిగిన చప్పుడు ఆగాక. ఆమె ఆ మధ్యాహ్నం వచ్చిన నలుగురు పేషెంట్ల ఫైళ్ళూ కడిగి, కొలిచి, టిక్కులు పెట్టి, తన గ్లాసూ తువ్వాలూ తీసుకుని ఇంటికి వెళ్ళింది. గుమ్మం దాకా వచ్చిన కౌంటరు అమ్మాయి ఏదో అనబోయి, "జలుబు జాగ్రత్త సిస్టరమ్మా," అంది.

గురువారం పదకొండింటికి తన ఇంట్లోకి ఎండ ఎక్కడిదాకా వస్తుందో ఆమె మొదటిసారి చూసింది. మంచం కాలు దాకా వస్తుంది. శుక్రవారం తాళాలాయన ఫోను చేశాడు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ ముక్కను తియ్యలేదట, దాని పక్కనుంచి సన్నగా దారి చేసుకుని కిందకు దిగి, అడుగున మిగిలిపోయిన చీమునంతా శుభ్రం చేసిందట. ముక్క అక్కడే ఉన్నా ఇక ఏమీ చెయ్యదట. మొదటి రోజే చెప్పి ఉంటే వాపు దాకా వచ్చేది కాదందట. ఇదంతా ఆయన పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "మంచిదండీ," అంది ఆమె. "ఉంటానమ్మా," అన్నాడు. పెట్టేశాడు. చెప్పాల్సింది చెప్పేశాక ఎవరైనా పెట్టేస్తారు.

తర్వాత వారం ఆమె మూడు పళ్ళ ఆసుపత్రులు తిరిగింది. ఒకచోట వయసు అడిగారు. ఒకచోట ఇంతకుముందు పనిచేసిన చోటి డాక్టరుతో మాట్లాడి చెబుతామన్నారు. మూడోచోట ఓ పెద్దావిడ, ఫైళ్ళు కొలుస్తానంటే ఎందుకని అడిగి, చెప్పింది విని, ఒకటో తారీఖున రమ్మంది. ఒకటో తారీఖుకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. పన్నెండు రోజులూ ఆదివారాలే. మూడో రోజుకల్లా, గొంతు ఉందో లేదో చూసుకోవడానికి ఆమె వంటింట్లో పైకి ఒక మాట అని, తనకే నవ్వొచ్చి మానేసింది.

అయిదో రోజు మధ్యాహ్నం, ఎండ మంచం కాలు వదిలి వెనక్కి వెళుతున్న వేళ ఫోను మోగింది. తాళాలాయన నంబరు. మళ్ళీ వాచిందేమో, ముక్క కదిలిందేమో, పంటి మీద వేసిన క్యాపు ఊడిందేమో.

"చెప్పండి," అంది. గొంతు బొంగురుగా వచ్చింది. "నొప్పి తిరగబెట్టిందా? వాపేమైనా ఉందా?"

"లేదమ్మా," అన్నాడు. వెనక రోడ్డు చప్పుడు, ఎవరో ఏదో బేరమాడుతున్నారు. ఆయన ఒక క్షణం తటపటాయించాడు. "నొప్పేమీ లేదు. ఊరికే చేశాను."

ఆమె ఫోను రెండో చెవికి మార్చుకుని, మంచం మీద కూర్చుంది.

"మంచి పని చేశారు," అంది. "చెప్పండి."